రాజ్యం నీడలో విశ్వాసం
(విజయనగరంలో జరిగిన ఒక సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఈ సాయంత్రం ఓపికగా వచ్చి కూర్చున్న మిత్రులందరికీ నమస్కారం.

మతమౌలికవాదం గురించి, మతానికీ రాజ్యానికీ నడుమ ఉండవలసిన ఎడం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. మతాన్ని రాజ్యం నుంచి వేరుగా ఉంచాలని అడిగేవారు దేవుణ్ణి నమ్మనివారని, లేదా సొంత మతం మీద గౌరవం లేనివారని మన మధ్య ఒక అభిప్రాయం బలంగా నాటుకుపోయింది. ఆ అభిప్రాయం చరిత్రకు నిలవదు. ఆ ఎడం కోసం తొలినాళ్లలో జైళ్లకు వెళ్లినవారిలో, ఊళ్లు విడిచిపోయినవారిలో ఎక్కువమంది గాఢమైన భక్తులు; తమ దేవుడికి ప్రభుత్వోద్యోగి సాయం అక్కరలేదని నమ్మినవారు. మతం రాజ్యాధికారంతో చేయి కలిపితే నలిగిపోయేది పరాయి మతస్థులే అనుకుంటాం గానీ, ఆ మతంలోనే ఉంటూ దానిని తన మనస్సాక్షి చెప్పినట్టు ఆచరించదలచిన మనిషి కూడా అంతే త్వరగా, ఒక్కోసారి అంతకంటే ముందే నలుగుతాడు. ఈ సంగతిని ముందు కొన్ని దేశాల అనుభవం నుంచి, ఆ తర్వాత మన ప్రాంతపు అనుభవం నుంచి మీ ముందు పెడతాను.

క్రైస్తవం తొలి మూడు శతాబ్దాలు రోమన్ రాజ్యం చేతిలో హింసలు పడిన మతం. 313లో కాన్‌స్టంటైన్ కాలంలో ఆ హింస ఆగింది. 380లో థియోడోసియస్ దానిని సామ్రాజ్యపు అధికార మతంగా ప్రకటించాడు. ఆ తర్వాత ఐదారేళ్లు తిరగకుండానే, స్పెయిన్‌కు చెందిన ప్రిసిలియన్ అనే బిషప్‌కు ట్రియర్ నగరంలో తల తీయించారు. ఆయన మీద ఫిర్యాదు చేసినవారు తోటి బిషప్పులు, శిక్ష వేసినవాడు క్రైస్తవ చక్రవర్తి. పైకి మోపిన నేరం క్షుద్రవిద్య, అసలు కోపం ఆయన బోధ మీద. టూర్స్ నగరపు బిషప్ మార్టిన్ ఒక్కడు పట్టుపట్టి, మత వివాదంలో ప్రాణాలు తీయవద్దని చక్రవర్తిని వేడుకున్నాడు. ఆయన మాట చెల్లలేదు. సింహాల బోనుల్లోకి తోయబడిన మతం, కత్తి తన చేతికి వచ్చీ రాగానే తన బిషప్ మీదనే దాన్ని వాడింది.

ఆ తర్వాతి పన్నెండు వందల ఏళ్ల యూరప్ చరిత్రలోకి నేను వెళ్లను. 1618 నుంచి 1648 దాకా జరిగిన ముప్పయ్యేళ్ల యుద్ధంలో జర్మన్ నేల శ్మశానమయిందని, రాజు మతమే ప్రజల మతమన్న సూత్రం ఎంత రక్తం పారించిందో ఆ యుద్ధం చూపిందని చెప్పి ముందుకు వెళతాను.

నేను నిలిచి మాట్లాడదలచినది వర్జీనియా గురించి. పద్దెనిమిదో శతాబ్దంలో అది బ్రిటిష్ వలస. అక్కడ ఆంగ్లికన్ చర్చి అధికార చర్చి; ఎవరి విశ్వాసం ఏదైనా, ఆ చర్చి పాస్టర్ల జీతాలకు అందరూ పన్ను కట్టవలసిందే. వేరే శాఖల బోధకులు ప్రసంగించాలంటే ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకోవాలి. బాప్టిస్టులు ఆ లైసెన్సు అడగడానికే నిరాకరించారు. సువార్త చెప్పమని ఆజ్ఞాపించినవాడు దేవుడైతే, అనుమతి ఇవ్వడానికి కౌంటీ అధికారి ఎవరన్నది వారి ప్రశ్న. 1768 నుంచి పదేళ్ల పాటు పదుల సంఖ్యలో బాప్టిస్టు బోధకులు జైళ్ల పాలయ్యారు. కల్పెపర్ జైల్లో పెట్టిన జేమ్స్ ఐర్లండ్ అనే బోధకుడు కిటికీ ఊచల దగ్గర నిలబడి బయట చేరిన జనానికి బోధించేవాడు. పొరుగు కౌంటీలో కొందరు మంచి మనుషులు ఇలా జైల్లో మగ్గుతున్నారని ఇరవై రెండేళ్ల యువకుడొకడు 1774లో మిత్రుడికి బాధతో ఉత్తరం రాశాడు. ఆ యువకుడు జేమ్స్ మాడిసన్; తర్వాతి కాలంలో అమెరికా రాజ్యాంగ రచనలో ప్రధాన పాత్ర వహించినవాడు.

స్వాతంత్ర్యం వచ్చాక 1784లో పాట్రిక్ హెన్రీ అనే పెద్ద నాయకుడు ఒక బిల్లు తెచ్చాడు. పైకి చూస్తే అది ఎంతో న్యాయమైన బిల్లు. ఒకే చర్చికి పన్ను కట్టమనడం లేదు. క్రైస్తవంలో ఏ శాఖ బోధకుడికి తన పన్ను చేరాలో పన్ను కట్టేవాడే చెప్పవచ్చు. బాప్టిస్టులకూ వాటా వస్తుంది. నిన్నటి దాకా జైల్లో ఉన్నవారికి ఇవాళ ఖజానా తలుపు తెరుచుకుంటోంది. వారు ఏమన్నారు? మాకు వద్దన్నారు. మా బోధకుడికి అన్నం పెట్టవలసినది మా సంఘం, ప్రభుత్వం కాదన్నారు. ఇవాళ జీతమిచ్చే చేయి రేపు ఏమి బోధించాలో చెబుతుందని వారికి అనుభవం మీద తెలుసు. వారి అర్జీలు, మాడిసన్ వాదన కలిసి ఆ బిల్లును ఓడించాయి. 1786లో జెఫర్సన్ రాసిన మతస్వేచ్ఛా చట్టం వర్జీనియాలో ఆమోదం పొందింది. 1791లో అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ వచ్చింది. చర్చికీ రాజ్యానికీ మధ్య గోడ అన్న ప్రసిద్ధమైన మాటను జెఫర్సన్ 1802 జనవరి 1న రాసిన ఉత్తరంలో వాడాడు. ఆ ఉత్తరం అందుకున్నవారు నాస్తిక సంఘం వారు కారు. కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులు. అంతకు నూట యాభై ఏళ్లకు పైగా ముందే మసాచుసెట్స్ నుంచి బహిష్కృతుడైన రోజర్ విలియమ్స్ ఇదే పోలికను, చర్చి అనే తోటను కాపాడే కంచెగా వాడి ఉన్నాడు.

గోడ అనగానే మనకు కోటలు, జైళ్లు తోస్తాయి. ఈ ప్రాంతపు మనిషిగా నాకు వరిమడి గట్టు తోస్తుంది. గట్టు ఇద్దరు రైతులను విడదీయడానికి వేసినది కాదు. ఎవరి నీరు వారి మడిలో నిలవడానికి వేసినది. ఆ గట్టు తెగితే ఒక మడి మునుగుతుంది, ఇంకొకటి ఎండుతుంది.

ఈ వర్జీనియా కథ మనకెందుకని మీరు అడగవచ్చు. మన విజయనగరం, బొబ్బిలి, శ్రీకాకుళం, పాలకొండ, టెక్కలి ప్రాంతాల్లో పాత చర్చిలు, వాటి పక్కన బడులు, ఆస్పత్రులు చాలావరకు కెనడా బాప్టిస్టు మిషనరీలు వేసిన పునాదుల మీద లేచినవి. అంటే రాజ్యం సొమ్ము ముట్టబోమన్న సంప్రదాయమే సముద్రం దాటి మన గడప దాకా వచ్చింది. ఈ సభలో ఆ సంఘాలకు చెందిన కుటుంబాల వారు కనిపిస్తున్నారు. ఆ వారసత్వం ఎంత విలువైనదో మీ పిల్లలకు చెప్పాలని నా విన్నపం.

ఇక మౌలికవాదం. ఇది పురాతనమైనదని, మధ్యయుగాల అవశేషమని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో ఇది పూర్తిగా ఆధునికమైనది. అమెరికాలో 1910 నుంచి 1915 వరకు ‘ది ఫండమెంటల్స్’, అంటే మౌలికాంశాలు, అన్న పేరుతో పన్నెండు సంపుటాల కరపత్రాలు లక్షల ప్రతులుగా అచ్చయి, ఉచితంగా పంపిణీ అయ్యాయి. వాటికి డబ్బు పెట్టినవాడు లాస్ ఏంజెలస్‌కు చెందిన చమురు వ్యాపారి లైమన్ స్టీవర్ట్. బైబిల్‌ను చారిత్రక దృష్టితో పరిశీలించే పండితులకు, పరిణామ సిద్ధాంతానికి ఎదురుగా విశ్వాసపు పునాదులను నిలబెట్టడం వాటి లక్ష్యం. 1920లో ఒక బాప్టిస్టు పత్రికా సంపాదకుడు ఆ పునాదుల కోసం పోరాడేవారికి ఫండమెంటలిస్టులని, అంటే మౌలికవాదులని, పేరు పెట్టాడు. వారు దానిని గర్వంగా ధరించారు. అచ్చుయంత్రం, చమురు సొమ్ము, తపాలా వ్యవస్థ లేకుండా ఆ ఉద్యమం లేదు. ఒక విశ్వాసాన్ని గట్టిగా పట్టుకోవడంలో నాకు తప్పేమీ కనిపించదు. మా తాతల కాలం వాళ్ల భక్తి అంత గట్టిదే, కానీ వారు దానిని పక్కింటి వాడి మీద చట్టంగా రుద్దాలని అనుకోలేదు. మౌలికవాదం విశ్వాసం నుంచి చట్టం వైపు అడుగు వేసిన చోట నా అభ్యంతరం మొదలవుతుంది.

ఆ అడుగు 1925లో పడింది. టెనెసీ రాష్ట్ర శాసనసభ మనిషి పుట్టుకకు సంబంధించి బైబిల్‌కు విరుద్ధమైన సిద్ధాంతాన్ని ప్రభుత్వ బడుల్లో చెప్పరాదని చట్టం చేసింది. డేటన్ అనే చిన్న ఊళ్లో జాన్ స్కోప్స్ అనే యువ ఉపాధ్యాయుడి మీద ఆ జులైలో విచారణ జరిగింది. ప్రాసిక్యూషన్ పక్షాన మూడుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేసిన విలియం జెన్నింగ్స్ బ్రయన్, ఎదుటి పక్షాన క్లారెన్స్ డారో. స్కోప్స్‌కు వంద డాలర్ల జరిమానా పడింది. సాంకేతిక కారణం మీద పై కోర్టు 1927లో దానిని కొట్టివేసింది. కానీ ఆ చట్టం 1967 దాకా, అంటే నలభై రెండేళ్లు, పుస్తకాల్లోనే ఉండిపోయింది. ఇందులో నన్ను ఎక్కువగా కలవరపరిచే విషయం ఒకటుంది. ఒకప్పుడు లైసెన్సు అడగబోమని జైలుకెళ్లిన బోధకుల సంప్రదాయం నుంచే, బడిలో ఏమి చెప్పాలో శాసనసభ నిర్ణయించాలని కోరినవారు కూడా వచ్చారు. అదే కాలంలో కెనడా బాప్టిస్టుల్లోనూ టొరంటో పాస్టర్ టి.టి. షీల్డ్స్ నడిపిన పోరు వల్ల 1927లో సంఘం నిలువునా చీలింది. పునాదులు కాపాడతామని మొదలైన పని ఇల్లు చీల్చడంతో ముగిసింది.

అధికారం పూర్తిగా చేతికి వస్తే ఏమవుతుందో 1979 తర్వాత ఇరాన్‌లో చూశాం. మత పండితుడే రాజ్యానికి సంరక్షకుడన్న సిద్ధాంతం మీద అక్కడ కొత్త రాజ్యాంగం వచ్చింది. ఆ సిద్ధాంతాన్ని ఒప్పుకోని గ్రాండ్ అయతొల్లా షరియత్‌మదారీ, దేశంలోని అత్యున్నత పండితుల్లో ఒకరు, 1982లో తన ధార్మిక హోదాను కోల్పోయి 1986లో చనిపోయేదాకా గృహనిర్బంధంలో ఉన్నారు. దేశ సర్వోన్నత నేత ఖొమేనీకి వారసుడిగా ప్రకటితుడైన మొంతజెరీ 1988లో జరిగిన ఖైదీల సామూహిక మరణశిక్షలను ప్రశ్నించినందుకు 1989లో ఆ స్థానం పోగొట్టుకున్నారు. తర్వాత 1997 నుంచి 2003 దాకా ఆయన ఇంట్లోనే బందీ. ఆ ఇద్దరూ సెక్యులర్ రాజకీయులు కారు, విదేశీ ఏజెంట్లు కారు. తలపాగా చుట్టిన, జీవితమంతా ధర్మశాస్త్రం చదివిన వృద్ధులు. ప్రభుత్వం మతమైనప్పుడు ప్రభుత్వంతో విభేదం మతద్రోహమవుతుంది. షాహ్ కాలంలో ఒక మౌల్వీ రాజును విమర్శిస్తే అతడు అసమ్మతివాది మాత్రమే.

పాకిస్తాన్ అనుభవం మనకు ఇంకా దగ్గరది. 1947 ఆగస్టు 11న జిన్నా రాజ్యాంగ సభలో మాట్లాడుతూ మీ మతం ఏదైనా రాజ్యవ్యవహారాలతో దానికి సంబంధం లేదన్నారు. ఏడాదిన్నర తిరిగేసరికి, 1949 మార్చిలో, ఇస్లాం సూత్రాల మీద రాజ్యాంగం నిర్మించాలన్న లక్ష్య తీర్మానం ఆమోదం పొందింది; సభలోని హిందూ సభ్యులు దానిని వ్యతిరేకించారు, వారి సవరణలన్నీ వీగిపోయాయి. అప్పటికది ఒక పీఠిక మాత్రమేనని సర్దిచెప్పారు. 1953లో అహ్మదీయుల మీద, అంటే తాము ముస్లింలమని చెప్పుకున్నా ఇతర ముస్లింలు చాలామంది ఒప్పుకోని ఒక శాఖవారి మీద, లాహోర్‌లో అల్లర్లు జరిగాయి, సైనిక శాసనం పెట్టవలసి వచ్చింది. ఆ అల్లర్లపై విచారణ జరిపిన న్యాయమూర్తులు మునీర్, కయానీ ఒక పని చేశారు, అది నా దృష్టిలో ఈ మొత్తం విషయానికి గుండెకాయ వంటిది. తమ ముందుకు వచ్చిన ఉలేమాలను, అంటే ఇస్లాం మత పండితులను, అందరినీ ఒకే ప్రశ్న అడిగారు: ముస్లిం అంటే ఎవరు? ఏ ఇద్దరి సమాధానమూ కలవలేదు. ఒక పండితుడి నిర్వచనం ఒప్పుకుంటే మిగిలిన పండితులందరి దృష్టిలో మనం అవిశ్వాసులమవుతామని 1954 నాటి వారి నివేదిక రాసింది.

ఆ హెచ్చరికను ఎవరూ పట్టించుకోలేదు. 1974లో, ఎన్నికైన పార్లమెంటే, రాజ్యాంగ సవరణతో అహ్మదీయులు ముస్లింలు కారని తేల్చింది. 1984లో జియా ఉల్ హక్ ఆర్డినెన్స్ వారు తమను తాము ముస్లింలుగా చెప్పుకోవడాన్ని, తమ ప్రార్థనా స్థలాన్ని మసీదు అనడాన్ని నేరం చేసింది. 1979లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన అబ్దుస్ సలామ్ అహ్మదీయుడు. 1974 తర్వాత ఆయన దేశం విడిచిపోయాడు. 1996లో ఆయన్ను పాకిస్తాన్‌లోని రబ్వాలో పాతిపెట్టారు. సమాధి ఫలకం మీద తొలి ముస్లిం నోబెల్ గ్రహీత అని చెక్కిన చోట, ముస్లిం అన్న ముక్కను అధికారులు చెరిపించారు. ఒక మనిషి తన విశ్వాసం ఏమిటో తన సమాధి మీద కూడా రాసుకోలేడు.

ఈ జబ్బు ఏదో ఒక మతానిదని అనుకునేవారి కోసం శ్రీలంక సంగతి చెప్పి ఊరుకుంటాను. 1956లో బండారనాయకే బౌద్ధ భిక్షువుల ఉద్యమ బలంతో ప్రధాని అయ్యారు. 1959 సెప్టెంబరులో ఆయన్ను ఇంట్లోనే కాల్చినవాడు ఒక భిక్షువు. కుట్రలో శిక్షపడిన ప్రధాన ముద్దాయి, మూడేళ్ల కింద ఆయన గెలుపు కోసం ఊరూరా తిరిగిన కేళనియ విహారాధిపతి.

మన నేలకు వద్దాం. ఇది కళింగం. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద స్తూపాలు, చైత్యాలు, తారా మారీచీ విగ్రహాలు ఉన్నాయి. రామతీర్థంలో బౌద్ధ శిథిలాలు, జైన అవశేషాలు, రామాలయం ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఇక్కడ బాబామెట్ట మీద ఖాదర్‌వలీ బాబా దర్గాకు వెళ్లేవారిలో హిందువులెందరో మీకందరికీ తెలుసు. మన ప్రాంతపు సహనానికి ఇవన్నీ గుర్తులని చెప్పుకుంటాం, నిజమే. అశోకుణ్ణి కూడా తలచుకుంటాం. తన శాఖను పొగడుతూ ఇతర శాఖలను నిందించేవాడు నిజానికి తన శాఖకే ఎక్కువ హాని చేస్తాడని ఆయన పన్నెండో శిలాశాసనం చెబుతుంది. ఊరి నడుమ మైకు పెట్టి పక్కవారి దేవతలను దయ్యాలని దూషించే బోధకులు, చర్చి ముందు ఊరేగింపు ఆపి నినాదాలు చేసే యువకులు ఇద్దరూ ఆ వాక్యం వినాలి.

అయితే చరిత్రను పూర్తిగా చదవాలి. కళింగంలో ధౌలి, జౌగడ శిలల మీద పదకొండు, పన్నెండు, పదమూడో శాసనాలు లేవు. వాటి స్థానంలో కళింగ ప్రజల కోసం వేరే శాసనాలు చెక్కించారు. కళింగ యుద్ధానికి పశ్చాత్తాపం చెప్పే శాసనం కళింగంలో లేదు, శాఖల సామరస్యం చెప్పే శాసనమూ లేదు. పైగా బౌద్ధ సంఘాన్ని చీల్చే భిక్షువులకు తెల్లబట్ట కట్టి వెళ్లగొట్టాలని కూడా అశోకుడే ఆజ్ఞాపించాడు. అంతటి ఉదారుడైన రాజు కూడా సంఘం లోపలి వివాదంలో రాజాజ్ఞతో జోక్యం చేసుకున్నాడు. కాబట్టి మంచి రాజు దొరికితే చాలునన్న ఆశ మీద మనం బతకలేం. రాజు ఎవరైనా చేయి చాచలేని చోటు ఒకటి ఉండాలి.

మన దేవాలయాల విషయం ఇంతకంటే చిక్కుది. 1817 నాటి మద్రాసు రెగ్యులేషన్ ప్రకారం ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వమే దేవాలయ మాన్యాల పర్యవేక్షణ పెట్టుకుంది. విగ్రహారాధనకు క్రైస్తవ ప్రభుత్వం పూచీ పడటమేమిటని ఇంగ్లండ్‌లో మిషనరీ వర్గాలు గొడవచేశాయి. క్రమంగా కంపెనీ వెనక్కి తగ్గింది, 1863 చట్టంతో దేవాలయాలు స్థానిక కమిటీల చేతికి వెళ్లాయి. ఆ కమిటీల చేతుల్లో మాన్యాలు ఎలా కరిగిపోయాయో ఇక్కడి పాత కుటుంబాల వారికి చెప్పనక్కరలేదు. అందుకే పానగల్ రాజా నాయకత్వంలోని జస్టిస్ పార్టీ ప్రభుత్వం 1925లో హిందూ దేవాదాయ చట్టం తెచ్చింది. 1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది. ఇవాళ మన రాష్ట్రంలో 1987 చట్టం నడుస్తోంది.

ఇక్కడ నేను అమెరికా గోడను తెచ్చి మన దగ్గర అచ్చంగా కట్టమని అనడం లేదు. దళితుణ్ణి గుడి గడప బయట నిలబెట్టినప్పుడు రాజ్యం చేతులు కట్టుకుని చూస్తే, అది మతస్వేచ్ఛ కాదు, అన్యాయానికి కాపలా. రాజ్యాంగంలోని 25వ అధికరణం మతస్వేచ్ఛతో పాటే, హిందూ ఆలయాలను అన్ని వర్గాలకూ తెరిపించే అధికారం రాజ్యానికి ఇచ్చింది. పౌరుడి హక్కు కోసం రాజ్యం గుడిలోకి రావడం నాకు సమ్మతం. హుండీ లెక్క, భూముల లెక్క ప్రజల ముందు ఉండాలనడమూ సమ్మతం. దేవుడి పేరున వచ్చే గౌరవాన్ని పాలకులు పంచుకోవడానికి రావడం మాత్రం నాకు సమ్మతం కాదు. సిరిమానోత్సవానికి పైడితల్లి అమ్మవారికి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు తెస్తారు. అరసవల్లి రథసప్తమిని రాష్ట్ర పండుగ చేశారు. అమ్మవారి జాతరకు పోలీసు బందోబస్తు, మంచినీరు, బస్సులు ప్రభుత్వ బాధ్యత. బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరేగడం ఏ మంత్రి బాధ్యతా కాదు. ఆ మంత్రి వ్యక్తిగతంగా భక్తుడైతే అందరితో పాటు క్యూలో రావచ్చు, ఎవరూ కాదనరు.

ప్రభుత్వానికి అప్పగించిన తాళం పాలక పక్షం చేతిలోకి పోతుందని చెప్పడానికి మనకు దూరపు ఉదాహరణలు అక్కరలేదు. 2020లో విజయనగరం రాజవంశీయులు నెలకొల్పిన మాన్సాస్ ట్రస్టు, సింహాచలం దేవస్థానాల ఛైర్మన్‌ను ప్రభుత్వం మార్చింది; 2021లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. ఆ మధ్య కాలంలోనే, 2020 డిసెంబరులో, రామతీర్థం బోడికొండ మీద కోదండరాముడి విగ్రహాన్ని దుండగులు ధ్వంసం చేశారు. ఆ వార్త విన్న రోజు ఈ జిల్లాలో ఎన్నో ఇళ్లలో పెద్దవాళ్లు కన్నీరు పెట్టారు. ఆ బాధ నిజమైనది. పోలీసులు దర్యాప్తు చేయవలసిన నేరం రోజులు గడవకుండానే పార్టీల మధ్య పోరుగా మారిపోయింది, కొండ కింద కార్ల బారులు తీరాయి. భక్తుడి దుఃఖానికి అక్కడ చోటు లేకుండా పోయింది.

అన్ని మతాలకూ సమానంగా ఇస్తే తప్పేమిటన్నది మరో వాదన. మన రాష్ట్రంలో అర్చకులకు, ఇమాములకు, మౌజన్లకు, పాస్టర్లకు గౌరవ వేతనాలు ప్రకటించారు. పల్లెటూరి గుడిలో దీపం పెట్టే అర్చకుడి పేదరికం నాకు తెలుసు, గుడిసె చర్చి పాస్టర్ పేదరికమూ తెలుసు. పేదవాడైన పౌరుడికి పింఛను ఇవ్వండి, ఇల్లు ఇవ్వండి. బోధకుడన్న కారణంగా జీతం ఇస్తే, ఎవరు నిజమైన బోధకుడో తేల్చే జాబితా ప్రభుత్వ కార్యాలయంలో తయారవుతుంది. ఆ జాబితాలో పేరు కోసం తిరిగే మనిషి, ఎన్నికల ముందు ఆదివారం ఏమి బోధిస్తాడు? పాట్రిక్ హెన్రీ బిల్లును కాదన్నవారి సంఘాలు ఈ ప్రశ్నను అందరికంటే ముందు వేయవలసింది. ఏ ప్రత్యేక మతం పోషణ కోసమూ ఎవరినీ పన్ను కట్టమని బలవంతపెట్టరాదని మన 27వ అధికరణం చెబుతోంది. సోమనాథ ఆలయ పునర్నిర్మాణానికి ప్రభుత్వ ఖజానా సొమ్ము వాడవద్దని, భక్తుల విరాళాలతోనే కట్టాలని గాంధీజీ అన్నారు. పటేల్ ఆ మాట పాటించారు. గాంధీజీ కంటే గొప్ప రామభక్తుణ్ణి నేను ఎరుగను.

మన సరిహద్దు దాటి గజపతి జిల్లా మీదుగా వెళితే కంధమాల్. ఒడిశా 1967లోనే మతమార్పిడుల మీద చట్టం చేసింది. దాని కింద వచ్చిన నిబంధనల ప్రకారం మతం మారదలచినవాడు ముందుగా మేజిస్ట్రేటు ఎదుట ప్రకటించాలి. సుప్రీంకోర్టు 1977లో ఆ చట్టాన్ని సమర్థించింది. ఘర్షణలు రాకుండా ఆ చట్టం కాపాడుతుందన్నారు. 2008 ఆగస్టులో విశ్వహిందూ పరిషత్ నాయకుడు స్వామి లక్ష్మణానంద సరస్వతిని, ఆయన అనుచరులను కాల్చి చంపారు. అది తమ పనేనని మావోయిస్టులు ప్రకటించారు. ఆ హత్య ఘోరం. దానితో ఏ సంబంధమూ లేని దళిత, ఆదివాసీ క్రైస్తవుల మీద తర్వాత జరిగిన దాడుల్లో పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి, వేల ఇళ్లు కాలిపోయాయి, జనం అడవుల్లో తలదాచుకున్నారు. నలభై ఏళ్ల చట్టం ఆ రోజున ఒక్క ఇంటిని కూడా కాపాడలేదు.

మత విశ్వాసాలను అణచివేసే రాజ్యం కావాలని నేను కోరడం లేదని కూడా చెప్పాలి. ఫ్రాన్స్ 1905లో చర్చినీ రాజ్యాన్నీ వేరుచేసింది, మంచిదే. కానీ 2004లో బడికి వచ్చే బాలిక తలగుడ్డ మీదికి చట్టాన్ని తెచ్చింది. అది కూడా విశ్వాసం మీద రాజ్యం చేయి వేయడమే. మన సుప్రీంకోర్టు 1986లో దీనికంటే ఉన్నతమైన మార్గం చూపింది. కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జనగణమన పాడేటప్పుడు మర్యాదగా నిలబడేవారు, కానీ పాడేవారు కారు. తమ దేవుణ్ణి తప్ప మరి దేనినీ స్తుతిస్తూ పాడరాదని వారి నమ్మకం. వారిని బడి నుంచి తీసేశారు. ఆ నమ్మకం మనకు వింతగా తోచవచ్చు. దేశంలో దానిని పంచుకునేవారు కొద్దిమందే. తీర్పు రాసినవారు తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ఆ నమ్మకం సరైనదా కాదా అన్నది కోర్టు తేల్చవలసిన విషయం కాదని, అది నిజాయితీగా ఉన్నదా అన్నదే ప్రశ్న అని ఆయన చెప్పి పిల్లలను తిరిగి బడిలో చేర్పించారు. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, మన తత్త్వం దానిని బోధిస్తుంది, మన రాజ్యాంగం దానిని ఆచరిస్తుంది, దానిని పలచన చేయవద్దని ఆ తీర్పు ముగిసింది. మునీర్ కమిషన్ అడిగిన ప్రశ్నకు ఉలేమాలు ఇవ్వలేకపోయిన సమాధానం ఇందులో ఉంది. ఎవరు నిజమైన విశ్వాసి అన్నది రాజ్యం అడగకూడదు.

కానీ మన రాజ్యం ఒక చోట ఆ ప్రశ్న ఇవాళ్టికీ అడుగుతూనే ఉంది. ఆ చోటు ఢిల్లీలో లేదు, మన మండల తహసీల్దారు కార్యాలయంలో ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు తన మూడో పేరాలో షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడో ముస్లిమో అయిన దళితుడికి ఆ హోదా లేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి వచ్చిన దళితులను బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టారు. అదే సవర, జాతాపు గిరిజనుల విషయంలో మతం అడ్డు కాదు. నిన్నమొన్నటి దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న సీతంపేట కొండల్లో చర్చికి వెళ్లే సవర యువకుడు షెడ్యూల్డు తెగవాడే. కొండ దిగి మైదానానికి వస్తే, మాలపేటలోని యువకుడు ఆదివారం చర్చికి వెళ్లి సోమవారం హిందువునని సంతకం పెట్టవలసి వస్తోంది. ఊరివాళ్లు అతణ్ణి ఆదివారం ఒక కులంగా, సోమవారం ఇంకో కులంగా చూడరు. అతని ఇంటిముందు అంటరానితనం బాప్తిస్మంతో పోలేదు.

దీనివల్ల జరిగే హాని రిజర్వేషన్ లెక్కలతో ఆగదు. ఒక మనిషి తన దేవుడి పేరు బయటికి చెప్పడానికి భయపడేలా, తన పిల్లల పేర్లు రెండు రకాలుగా రాయించేలా, పక్కింటివాడు అర్జీ పెడితే ఉద్యోగం పోతుందేమోనని బతికేలా రాజ్యం చేస్తోంది. రాజ్యం అధికార చర్చిని పోషించిన కాలంలో కనెక్టికట్ బాప్టిస్టులు కూడా చర్చి పన్ను తప్పించుకోవాలంటే తమ శాఖ ఏదో ధ్రువపత్రం దాఖలు చేయవలసి వచ్చేది, ఆ ధ్రువపత్రమే అవమానమని వారు వాదించారు. కులం వల్ల వచ్చిన నష్టానికి పరిహారం కులాన్ని బట్టి ఇవ్వాలి, అతడు ఏ దేవుడికి మొక్కుతాడన్నదాన్ని బట్టి కాదు. జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో, ఆ ఉత్తర్వులోని మూడో పేరా తీసివేయాలని, షెడ్యూల్డు కులాల హోదాకు మతంతో ముడి ఉండరాదని సిఫారసు చేసింది. దాని మీద కదలిక లేదు. 2004 నుంచి సుప్రీంకోర్టులో పిటిషన్ ఉంది. 2022 అక్టోబరులో ఈ ప్రశ్నను పరిశీలించడానికి జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో మరో కమిషన్‌ను కేంద్రం నియమించింది.

ఈ సభలో న్యాయవాదులున్నారు, ఉపాధ్యాయులున్నారు, దళిత సంఘాల మిత్రులున్నారు, చర్చి పెద్దలున్నారు. గుడికి వెళ్లే మిత్రులు అందరికంటే ఎక్కువమంది ఉన్నారు, నేను ముఖ్యంగా వారినే అడుగుతున్నాను. మూడో పేరా తొలగించాలన్న డిమాండు మీద క్రైస్తవ సంఘాలు మాత్రమే సంతకాలు పెడితే అది ఒక మతం కోరికగా మిగిలిపోతుంది. మీ ఊరి గుడి కమిటీ సభ్యులు కూడా దాని మీద సంతకం పెట్టి పంపాలి.